‘నాయుడు’: బిరుదు నుంచి ఇంటిపేరు దాకా

భాగం – 7

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ‘నాయుడు’ అనే పదం పుట్టుకను, అర్థాన్ని వివరించగలుగుతారు.
• కాకతీయుల కాలం నుంచి బ్రిటిష్ పాలన వరకు ఈ పదం వాడుకలో వచ్చిన మార్పులను గుర్తించగలుగుతారు.
• ఈ పేరు ఇంత విస్తృతంగా వ్యాపించడానికి గల కారణాలను చెప్పగలుగుతారు.
• ఇంటిపేరును చారిత్రక ఆధారంగా ఉపయోగించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలుసుకుంటారు.

7.1 పరిచయం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ రికార్డులు చరిత్ర రచనకు ఆధారాలని గత భాగాల్లో చదివారు. ప్రతి ఇంట్లోనూ ఉండి, మనం అంతగా పట్టించుకోని ఆధారం ఇంకొకటి ఉంది. అది మన పేరు.

తెలుగువారి పేర్లలో తరచు మూడు భాగాలు కనిపిస్తాయి. ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు పేరును చూడండి. ఇందులో ‘ద్వారం’ ఇంటిపేరు, ‘వెంకటస్వామి’ పెట్టిన పేరు, ‘నాయుడు’ చివర చేరిన గౌరవవాచకం. సంఘసంస్కర్త, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి రఘుపతి వెంకటరత్నం నాయుడు పేరూ ఇలాంటిదే. తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఆ లెక్కన ‘నాయుడు’ ఇంటిపేరు కాదు. కానీ పాస్‌పోర్టు దరఖాస్తులో ‘సర్‌నేమ్’ అనే గడిలో చాలామంది రాసేది ఈ చివరి పదాన్నే. మద్రాసులో, నాగపూర్‌లో, డర్బన్‌లో, కౌలాలంపూర్‌లో తరాలుగా స్థిరపడిన కుటుంబాలకు అదే వంశనామం అయింది.

ఈ పదం నాలుగు దశలు దాటి మన కాలానికి వచ్చింది. మొదట ఒక బాధ్యతను సూచించే మాట. తరువాత ఆ బాధ్యత వహించినవారికి బిరుదు. ఆ పైన కొన్ని సముదాయాలకు గుర్తు. చివరికి వంశనామం. ఈ నాలుగు దశలనూ కలిపేసి చదవడం వల్ల మధ్యయుగ ఆంధ్ర చరిత్రను అర్థం చేసుకోవడంలో చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. అందుకే ఒక్క పేరుకు ఒక పాఠం మొత్తం కేటాయించాం.

7.2 పదం పుట్టుక, అర్థం

సంస్కృతంలో ‘నీ’ ధాతువుకు తీసుకొనిపోవు, నడిపించు అని అర్థం. దాని నుంచి ‘నాయక’ శబ్దం ఏర్పడింది. నడిపించేవాడు నాయకుడు. నేత, నయనం, వినాయకుడు అనే మాటల్లో ఉన్నదీ ఈ ధాతువే. కావ్యంలో కథను నడిపే పాత్ర నాయకుడు, నాయిక. హారం మధ్యలో పొదిగే రత్నాన్ని కూడా నాయకమణి అంటారు. ఈ అర్థాలన్నింటిలోనూ ముందుండటం, మధ్యలో నిలవడం అనే భావం ఉంది. పుట్టుకతో వచ్చే లక్షణమేదీ ఈ మాట అర్థంలో లేదని గమనించండి.

ఈ శబ్దం తెలుగులోకి రెండు దారుల్లో వచ్చింది. సంస్కృత రూపాన్ని ఉంచుకొని ‘నాయకుడు’ అయింది. ఇది తత్సమం. ప్రాకృతంలో అచ్చుల మధ్య ఉండే కకారం సడలి, లోపించడం సాధారణం. అలా కకారం పోయిన రూపానికి తెలుగు పుంలింగ ప్రత్యయం చేరి ‘నాయఁడు’ అయింది. ఇది తద్భవం. నేటి ‘నాయుడు’ దాని వాడుక రూపం. అంటే నాయకుడు, నాయుడు వేర్వేరు మాటలు కావు. ఒకే మాటకు గ్రాంథిక రూపం ఒకటి, జనవ్యవహార రూపం ఒకటి.

మధ్యయుగ తెలుగు శాసనాల్లో ‘నాయనింగారు’ అనే రూపం తరచు కనిపిస్తుంది. ‘నాయని’ అనేది ‘నాయఁడు’ శబ్దానికి విభక్తి చేరేటప్పుడు వచ్చే రూపం. ‘రాముఁడు’ అనే మాట ‘రాముని’ అయినట్టే ఇదీ. ‘నాయని’ వాడుకలో కుదించుకుపోయి ‘నేని’ అయింది. అక్కినేని వంటి ఇంటిపేర్ల చివర ఉన్న ‘నేని’ ఇదే. ఫలానా నాయని వంశంవారు అని చెప్పుకోవడం నుంచి ఇటువంటి ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. కాబట్టి ఈ బిరుదు తెలుగువారి పేర్లలో రెండు చోట్ల నిలిచింది. కొందరికి పేరు చివర ‘నాయుడు’గా, మరికొందరికి పేరు ముందు ‘నేని’గా.

‘నాయక’ శబ్దం తెలుగువారికే పరిమితం కాదు. కన్నడ, ఒడియా ప్రాంతాల్లో నాయక్, కొంకణ తీరంలో నాయిక్, తమిళంలో నాయక్కర్ దాని రూపాలే. మలయాళంలోని నాయర్ కూడా ఇదే మూలం నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. శ్రీలంకలో బండారనాయకె, సేనానాయకె, దిస్సానాయకె వంటి వంశనామాల్లో ఈ మాటే ఉంది. తెలంగాణ, రాయలసీమల్లోని లంబాడీ తండాల్లో పెద్దను నాయక్ అంటారు. భారత సైన్యంలో హవల్దారుకు కింది హోదా నాయక్. ఇన్ని భాషల్లో, ఇన్ని సముదాయాల్లో ఒకే మాట ఉండటానికి కారణం రక్తసంబంధం కాదు. నలుగురిని నడిపించే మనిషి అవసరం ప్రతి సమాజానికీ ఉంటుంది. ఆ మనిషికి పెట్టిన పేరు ఇది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) ‘నాయకుడు’, ‘నాయుడు’ రూపాల మధ్య ఉన్న సంబంధం ఏమిటి?
ఆ) ఇంటిపేర్ల చివర కనిపించే ‘నేని’ ఎలా ఏర్పడింది?

7.3 కాకతీయుల కాలం: బాధ్యతకు గుర్తుగా నాయక పదం

12వ శతాబ్దికి చెందినదిగా చెప్పే పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ ప్రధాన పాత్రలు. ఇద్దరూ మంత్రాంగం నడిపినవారే. ఇద్దరి పేర్లకూ ఒకే బిరుదు ఉంది. ఒకటి పుంలింగ రూపం, ఇంకొకటి స్త్రీలింగ రూపం. ఆ కథ మనకు ప్రధానంగా గాథగా, కావ్యంగా అందింది కనుక అందులోని ప్రతి వివరాన్నీ చరిత్రగా తీసుకోలేం. అయినా ఈ బిరుదును తెలుగు సమాజం ఏ అర్థంలో వాడిందో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది.

గట్టి ఆధారాలు కాకతీయుల కాలపు శాసనాల్లో దొరుకుతాయి. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో నాయకులు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. పాత సామంత వంశాల మీద పూర్తిగా ఆధారపడకుండా, తమకు విధేయులైన సేనానులకు గ్రామాలను అప్పగించి, వాటి ఆదాయంతో సైన్యాన్ని పోషించే బాధ్యత ఇచ్చే పద్ధతి ఈ కాలంలో బలపడింది. దీన్నే నాయంకరం అంటారు. నాయకుడికి గ్రామాల మీద వచ్చే హక్కు అతని సేవకు ప్రతిఫలం.

నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివసాయుజ్యం కలగాలని కోరుతూ, ఆ నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి భూమిని దానం చేసినట్లు ఇది తెలుపుతుంది. రుద్రమదేవి మరణకాలాన్ని నిర్ణయించడానికి ఈ శాసనమే ముఖ్య ఆధారం. మన పాఠానికి సంబంధించిన విశేషం వేరే ఉంది. రాణి, ఆమె నాయకుడు, ఆ నాయకుడి బంటు ఒకే శాసనంలో వరుసగా కనిపిస్తున్నారు. విధేయత అనే బంధం పైనుంచి కిందికి ఎలా అల్లుకొని ఉండేదో ఇది చూపుతుంది. 1316లో కంచిని జయించిన ముప్పిడి నాయకుడు, ఆ మరుసటి ఏడు పాండ్యదేశం మీదికి నడిచిన దేవరి నాయకుడు ప్రతాపరుద్రుడి ఇటువంటి సేనానులే.

అయితే ఈ బిరుదు ఎవరికి దక్కేది? కాకతీయుల కాలపు శాసనాలను లెక్కగట్టి పరిశీలించిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ తన గ్రంథంలో (2001) ముఖ్యమైన అంశాన్ని చూపించారు. నాయక, రెడ్డి, బోయ, శెట్టి వంటి పదాలు ఆ కాలంలో ఎక్కువగా వృత్తిని, హోదాను సూచించేవి. ఒకే కుటుంబంలో తండ్రికి ఒక బిరుదు, కొడుకుకు ఇంకొకటి ఉన్న ఉదాహరణలు శాసనాల్లో ఉన్నాయి. పుట్టుకతో ఖాయమయ్యే గుర్తు అయితే అలా జరగదు. యుద్ధవిద్యలో నైపుణ్యం, ప్రభువు ఆదరం ఉన్న సాధారణ కుటుంబాల మనుషులకు పైకి రావడానికి అప్పటి సైన్యం ఒక దారి. ఆ దారిలో పైకి వచ్చినవారికి ‘నాయక’ పదం గుర్తింపు.

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కూడా ఈ వ్యవస్థ నశించలేదు. ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు తీరాంధ్రంలోను, తెలంగాణలోను ఢిల్లీ అధికారాన్ని ఎదిరించారు. కాపయ నాయకుడిని 75 మంది నాయకులు సేవించారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతుంది. ఓరుగల్లు కోటకు 77 బురుజులని, వాటిని 77 మంది నాయకులు కాపాడేవారని తరువాతి కాలపు రచన ప్రతాపరుద్ర చరిత్రము చెబుతుంది. ఈ సంఖ్యలను యథాతథంగా నమ్మవలసిన పని లేదు. కాని కాకతీయ రాజ్యం అంటే నాయకుల కూటమి అనే జ్ఞాపకం ఎంత బలంగా నిలిచిందో వీటివల్ల తెలుస్తుంది.

ఒక్క మనిషి జీవితంలోనే పేరు ఎంత మారగలదో చూపే ఉదాహరణ ఈ కాలంలోనే ఉంది. ప్రతాపరుద్రుడి సేనాని గన్నమ నాయకుడు ఢిల్లీ సైన్యానికి చిక్కి, ఇస్లాం మతం స్వీకరించి, మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్‌షా తుగ్లక్ కాలంలో ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో వజీరు పదవికి చేరాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ ప్రాంతంలో ఉన్న తిలంగాణీ సమాధి ఇతనిదే. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన గన్న సేనాని ఇతడే అని చరిత్రకారులు గుర్తించారు. ఓరుగల్లులో నాయక, ఢిల్లీలో ఖాన్. రెండూ సేవకు దక్కిన బిరుదులే.

7.4 విజయనగర కాలం, తమిళదేశం

కాకతీయుల నాయంకర పద్ధతి విజయనగర కాలంలో అమరనాయంకరంగా విస్తరించింది. 1535 ప్రాంతంలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, రాజు నుంచి భూములు పొందిన సేనానులు ఎంత సైన్యాన్ని పోషించాలో, ఎంత పైకం చెల్లించాలో వివరంగా నమోదు చేశాడు. అతడు ‘కెప్టెన్లు’ అన్నది ఈ నాయకులనే.

ఈ పేరు తమిళదేశంలో పాతుకుపోవడానికి కారణం ఈ వ్యవస్థే. మధుర, తంజావూరు, జింజి ప్రాంతాలకు విజయనగర ప్రభువులు నాయకులను నియమించారు. వారితోపాటు తెలుగు సైనికులు, రైతులు, వర్తకులు దక్షిణానికి తరలివెళ్లారు. కేంద్రం బలహీనపడగానే ఆ నాయకులు స్వతంత్రులయ్యారు. మధురలో విశ్వనాథ నాయకుడు స్థాపించిన వంశం 1736 వరకు పాలించింది. తంజావూరులో 1673 వరకు నాయకరాజులు ఏలారు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు స్వయంగా తెలుగులో రచనలు చేశారు. తెలుగు సాహిత్య చరిత్రలో ‘నాయకరాజుల యుగం’ అని ఒక యుగమే ఏర్పడింది.

ఇక్కడ ఒక కీలకమైన మార్పు వచ్చింది. కాకతీయుల కాలంలో ఒక వ్యక్తి సంపాదించుకొనే బిరుదు, తంజావూరు, మధురల్లో రాజవంశాల పేరుగా మారింది. తండ్రి నాయకుడు కనుక కొడుకూ నాయకుడే. మధుర నాయక వంశంతో సంబంధం కలుపుకొన్న శ్రీలంకలోని కాండీ రాజ్యంలో 1739 నుంచి 1815 వరకు పాలించిన చివరి రాజవంశాన్ని కూడా నాయక్కర్ వంశమనే అంటారు.

ఇదే కాలంలో కర్ణాటకలోని చిత్రదుర్గాన్ని బేడ సముదాయానికి చెందిన నాయకులు పాలించారు. ఈ విధంగా వేర్వేరు భాషల, వేర్వేరు సముదాయాల పాలకులు ఒకే బిరుదును ధరించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) నాయంకరం అంటే ఏమిటి?
ఆ) కాకతీయుల కాలపు ‘నాయక’ బిరుదుకు, మధుర, తంజావూరు నాయకరాజుల బిరుదుకు ఉన్న ప్రధాన భేదం ఏమిటి?

7.5 కంపెనీ పాలన: పదవి పోయింది, పేరు మిగిలింది

18వ శతాబ్ది చివరికి నాయకుల వారసుల్లో చాలామంది పాలెగాండ్రుగా మిగిలారు. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన నాయక్కర్ తెలుగు మూలాలున్న కుటుంబంవాడు. 1799లో కంపెనీ ప్రభుత్వం అతన్ని ఉరితీసింది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాయి. అక్కడ ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాండ్రను అణచివేశాడు. కోటలు కూల్చారు, ఆయుధాలు లాక్కున్నారు. సైన్యాన్ని నడిపే నాయకుడికి ఇక పని లేకుండా పోయింది.

పని పోయినా మాట పోలేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఊరిపెద్దను నాయుడు అని పిలిచేవారు. భూమి ఉన్న రైతుకు గౌరవంగా ఈ మాట చేర్చేవారు. నండూరి వేంకట సుబ్బారావు ఎంకిపాటల్లోని ‘నాయుడు బావ’ ఏ కోటకూ అధిపతి కాడు, పల్లెటూరి మనిషి. ఈ పేరు రాజదర్బారు నుంచి పొలం గట్టు దాకా నడిచి వచ్చిందనడానికి ఆ పాత్ర మంచి సాక్ష్యం.

బ్రిటిష్ వారి రికార్డులు ఈ మాటకు కొత్త జీవితం ఇచ్చాయి. భూమి పట్టాల్లో, కోర్టు కాగితాల్లో, బడి రిజిస్టర్లలో మనిషి పేరు ఒకే రూపంలో స్థిరంగా ఉండవలసి వచ్చింది. అంతకుముందు సందర్భాన్ని బట్టి చేర్చే, వదిలేసే మాట ఇప్పుడు కాగితం మీద శాశ్వతమైంది. జనగణనలో కులం చెప్పమని అడిగినప్పుడు చాలామంది తమ సముదాయం పేరుకు బదులు ఈ గౌరవవాచకాన్ని చెప్పారు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం నాయుడు అనేది చాలా తెలుగు కులాలవారు జనగణనలో చెప్పుకొన్న బిరుదు అని నమోదు చేసింది. ఆ జాబితాలో బలిజ, బోయ, గవర, గొల్ల, కాళింగి, కాపు, ముత్రాచ, వెలమ తదితర సముదాయాలు ఉన్నాయి. కమ్మవారిలోనూ ఈ బిరుదు వాడుకలో ఉంది. తమిళులు ఇదే బిరుదున్న తెలుగు మనిషిని నాయక్కర్ అని పిలుస్తారని కూడా థర్‌స్టన్ గుర్తించాడు.

ఈ జాబితాను జాగ్రత్తగా చదవండి. ఇన్ని సముదాయాలు ఒకే గౌరవవాచకాన్ని కోరుకున్నాయంటే దానికి సమాజంలో ఎంత విలువ ఉండేదో అర్థమవుతుంది. జనగణన నివేదికలు కులాలకు తరతమ స్థానాలు కట్టబెడుతున్న కాలం అది. ఊళ్లో ‘ఒరే’ అని పిలిపించుకొంటున్న మనిషి, రిజిస్టరులో ‘నాయుడు’ అని రాయించుకోవడం చిన్న విషయం కాదు. దాన్ని అబద్ధమని కొట్టిపారేయడం కంటే గౌరవం కోసం చేసిన ప్రయత్నంగా చూడటం చరిత్రకారుడికి తగిన పని.

ఇందుకు ఎదురుదిశలో నడిచినవారూ ఉన్నారు. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులాన్ని సూచించే బిరుదులను వదిలేయాలని పిలుపునిచ్చింది. ఇ.వి. రామస్వామి తన పేరు చివరి ‘నాయకర్’ను వదిలేశారు. ఒక తరం ఎంతో ఆశపడి చేర్చుకొన్న మాటను ఇంకొక తరం ఆలోచించి తీసివేసింది. రెండింటి వెనుకా ఆత్మగౌరవ ప్రశ్నే ఉంది.

7.6 సముద్రం దాటిన పేరు

బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటల పనికి బ్రిటిష్ వలసరాజ్యాలు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించుకొన్నాయి. మారిషస్‌కు 1834లో ఈ వలస మొదలైంది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి 342 మందితో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు 1,52,184 మంది నటాల్ చేరారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువారు.

ఓడ రిజిస్టరులో ప్రతి కూలీకి ఒక సంఖ్య, ఒక పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు రాసేవారు. ఇంటిపేరు అనే గడి లేదు. ముందు ఉండే ఇంటిపేరు ఈ విధంగా కాగితం మీదికి ఎక్కలేదు. తరువాతి తరంలో జనన ధ్రువపత్రానికి, బడిలో చేర్పించడానికి ఆంగ్లేయుల పద్ధతిలో వంశనామం కావలసి వచ్చింది. తండ్రి పేరును కొందరు, కులబిరుదును కొందరు ఆ స్థానంలో నిలిపారు. అలా దక్షిణాఫ్రికాలో గవెండర్, పిళ్లే, చెట్టి, రెడ్డి మొదలైన పేర్లతోపాటు నాయుడు కూడా వంశనామమైంది. ఆంగ్ల లిపిలో చివర రెండు ‘ఓ’లు చేర్చి రాయడం అక్కడి అలవాటు. అక్కడి భారతీయుల్లో బాగా వినిపించే వంశనామాల్లో ఇది ఒకటి.

ఈ పేరు ఆ దేశ చరిత్రలో గౌరవప్రదమైన స్థానం సంపాదించుకొంది. మారిషస్‌లో 1875లో పుట్టిన తంబి నాయుడు ట్రాన్స్‌వాల్‌లో గాంధీజీ నడిపిన సత్యాగ్రహంలో ముఖ్య సహచరుడు. అనేకసార్లు జైలుకు వెళ్లాడు. అతని మనవడు ఇంద్రేస్ నాయుడు వర్ణవివక్షను ఎదిరించి పదేళ్లు రాబెన్ ద్వీపంలో శిక్ష అనుభవించాడు. 1985లో ఏర్పడిన కార్మిక సంఘాల సమాఖ్య కొసాటుకు తొలి ప్రధాన కార్యదర్శి జే నాయుడు 1994లో మండేలా మంత్రివర్గంలో చేరాడు.

తంబి నాయుడు తమిళుడని, కొంత తెలుగు కూడా వచ్చునని గాంధీజీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాశారు. కాబట్టి పేరు చివర ‘నాయుడు’ ఉన్న ప్రతివారూ తెలుగు మాట్లాడేవారని అనుకోకూడదు. వలసలో భాష మారవచ్చు, పేరు నిలవవచ్చు. కోయంబత్తూరులో పారిశ్రామికవేత్తగా, ఆవిష్కర్తగా పేరుపొందిన జి.డి. నాయుడు (1893–1974), భారత టెస్టు క్రికెట్ జట్టుకు 1932లో తొలి కెప్టెన్ అయిన నాగపూర్ వాసి సి.కె. నాయుడు తెలుగు కుటుంబాల నుంచి వచ్చినవారే. తరాలుగా వేరే భాషాప్రాంతంలో ఉన్న అటువంటి కుటుంబాల మూలాన్ని లోకానికి తెలిపేది ఈ చివరి పదమే.

7.7 స్త్రీల పేర్లలో ‘నాయుడు’

వ్యాకరణం తెలిసిన విద్యార్థికి ఇక్కడ ఒక సందేహం రావాలి. ‘నాయుడు’ పుంలింగ ఏకవచనం. స్త్రీకి ‘నాయకురాలు’ అనాలి. పల్నాటి నాగమ్మను జనం అలాగే పిలిచారు. మరి ఈ పదంతో ప్రపంచానికి బాగా తెలిసిన వ్యక్తి ఒక స్త్రీ కావడం ఎలా సాధ్యమైంది?

సరోజినీ నాయుడు 1879లో హైదరాబాదులో ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టారు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ. 1898లో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుతో బ్రహ్మసమాజ పద్ధతిలో ఆమె వివాహం జరిగింది. కులాంతర, భాషాంతర వివాహం అది. భర్త ఇంటిపేరు ముత్యాల. తెలుగు పద్ధతిలో అయితే ఆమె ముత్యాల సరోజిని కావాలి. ఆంగ్ల పద్ధతిలో భర్త పేరు చివరి పదం ఆమె పేరు చివర చేరింది. కుమార్తె పద్మజా నాయుడుకూ అదే వచ్చింది.

ఒక స్త్రీ పేరు చివర పుంలింగ ప్రత్యయం ఎవరికీ వింతగా వినిపించలేదంటే, అప్పటికే ఆ మాట అర్థాన్ని కోల్పోయి కేవలం పేరు అయిందన్నమాట. బిరుదుకు లింగం ఉంటుంది, వంశనామానికి ఉండదు. ఒక పదం బిరుదు దశను దాటి వంశనామం దశకు చేరిందని నిర్ధారించడానికి ఇంతకంటే స్పష్టమైన పరీక్ష లేదు. ఈ మార్పులో ‘నాయకురాలు’ అనే రూపం పేర్ల నుంచి తప్పుకొంది. స్త్రీ తన స్వంత నాయకత్వానికి పొందిన బిరుదు స్థానంలో తండ్రి నుంచో భర్త నుంచో వచ్చే పేరు నిలిచింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
అ) ఒప్పంద కూలీల రిజిస్టర్ల వల్ల తెలుగువారి పేర్లలో వచ్చిన మార్పు ఏమిటి?
ఆ) ‘బిరుదుకు లింగం ఉంటుంది, వంశనామానికి ఉండదు’ అనే వాక్యాన్ని ఉదాహరణతో వివరించండి.

7.8 పేరును ఆధారంగా వాడేటప్పుడు

జవాబుపత్రాలు దిద్దినన్నాళ్లూ నాకు తరచుగా కనిపించిన వాక్యం ఒకటుంది. ‘ఫలానా రాజు పేరులో నాయక ఉంది కాబట్టి అతడు ఫలానా కులంవాడు.’ నేడు సభల్లో, కరపత్రాల్లో, విగ్రహాల ఆవిష్కరణల్లో వినిపించే వాదన కూడా ఇదే. ఒకే నాయకుణ్ణి రెండు మూడు సముదాయాలు తమవాడని చెప్పుకొంటున్నాయి. పూర్వీకుల మీద అభిమానం ఉండటం తప్పు కాదు. కాని ఆ వాదనకు బిరుదు ఒక్కటే ఆధారం అయితే అది నిలవదు. ఎందుకో ఇప్పటివరకు చదివిన దాన్ని బట్టి మీరే చెప్పగలరు. శాసనాల నాటి నాయక పదం పనికి గుర్తు. ఆ పనిలో ఎన్నో కుటుంబాలవారు చేరారు. సముదాయాలకు గుర్తుగా ఆ మాట గట్టిపడింది చాలా తరువాత. 20వ శతాబ్దపు అర్థాన్ని 13వ శతాబ్దానికి అంటగడితే కాలదోషం ఏర్పడుతుంది.

ఒక పేరును ఆధారంగా తీసుకొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఆ పేరు ఏ కాలం నాటి పత్రంలో ఉంది? 1289 నాటి శాసనంలో, 1909 నాటి గ్రంథంలో, నేటి పాస్‌పోర్టులో ఒకే పదానికి మూడు అర్థాలు ఉన్నాయి.

రెండోది, దాన్ని ఎవరు రాశారు? శాసనం చెక్కించినవాడు తన ప్రభువును కీర్తించడానికి రాయిస్తాడు. జనగణన గుమాస్తా తన ముందున్న గడి నింపడానికి రాస్తాడు. ఓడరేవు గుమాస్తా తనకు వినిపించింది రాస్తాడు.

మూడోది, పేరులో ఏ స్థానంలో ఉంది? ముందున్న ఇంటిపేరు, మధ్యనున్న పెట్టిన పేరు, చివరి గౌరవవాచకం వేర్వేరు విషయాలు చెబుతాయి. ఉత్తరాంధ్రలో ‘అప్పలనాయుడు’ అనేది పెట్టిన పేరే కావచ్చు. దాన్ని రెండు ముక్కలు చేసి చివరి ముక్కను వంశనామంగా లెక్కిస్తే తప్పు లెక్క వస్తుంది.

7.9 సారాంశం

‘నాయుడు’ సంస్కృత ‘నాయక’ శబ్దానికి తద్భవం. నడిపించేవాడు అని అర్థం. కాకతీయుల కాలంలో సైనిక సేవకు గుర్తింపుగా అనేక నేపథ్యాలవారికి ఈ బిరుదు దక్కింది. విజయనగర కాలంలో తమిళదేశానికి వ్యాపించి, మధుర, తంజావూరుల్లో రాజవంశాల పేరైంది. కంపెనీ పాలనలో సైనికాధికారం పోయినా గౌరవవాచకంగా నిలిచింది. రిజిస్టర్లు, జనగణనలు దాన్ని స్థిరపరిచాయి. ఒప్పంద కూలీల వలసలు దాన్ని సముద్రాలు దాటించాయి. ఈ పేరు విస్తృతికి కారణం ఒక వంశం పెరగడం కాదు, ఒక గౌరవాన్ని అనేకులు పంచుకోవడం. ఈ పేరు ధరించినవారందరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుడు ఎవరూ లేరు, ఉమ్మడిగా ఉన్నది ఒక మాట మాత్రమే.

7.10 ముఖ్య పదాలు

తద్భవం: సంస్కృత, ప్రాకృతాల నుంచి మార్పు చెంది తెలుగులో స్థిరపడిన పదం.
నాయంకరం: సైనిక సేవకు ప్రతిఫలంగా నాయకుడికి గ్రామాలను అప్పగించే పద్ధతి.
పాలెగాడు: ఒక చిన్న ప్రాంతాన్ని స్వంత బలగంతో ఏలిన స్థానిక అధిపతి.
కాలదోషం: ఒక కాలపు భావాన్ని దానికి చెందని మరొక కాలానికి అంటగట్టడం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కాకతీయుల కాలం నుంచి 20వ శతాబ్ది వరకు ‘నాయుడు’ పదం పొందిన పరిణామాన్ని చర్చించండి.
2. ఇంటిపేర్లను చారిత్రక ఆధారాలుగా ఉపయోగించడంలో ఉన్న ప్రయోజనాలను, పరిమితులను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. అమరనాయంకర వ్యవస్థ తెలుగువారి వలసలకు ఎలా తోడ్పడింది?
2. జనగణనలో అనేక సముదాయాలు ఒకే గౌరవవాచకాన్ని చెప్పుకోవడానికి కారణాలు ఏమిటి?

III. అభ్యాసం
మీ కుటుంబంలో మూడు తరాలవారి పేర్లను భూమి పట్టా, బడి సర్టిఫికెట్, ఆధార్ కార్డు వంటి కాగితాల్లో ఎలా ఉన్నాయో అలాగే రాసుకోండి. ఇంటిపేరు ఏ స్థానంలో ఉంది, చివరి పదం ఏ తరంలో చేరింది లేదా పోయింది, స్త్రీల పేర్లలో పెళ్లికి ముందు, తరువాత ఏం మారింది అనే అంశాలను గమనించి ఒక పుట నివేదిక తయారుచేయండి. ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు చెప్పిన కారణాన్ని, కాగితం చెబుతున్న విషయాన్ని వేర్వేరుగా నమోదు చేయండి. రెండూ కలవకపోతే కలపడానికి ప్రయత్నించకండి. ఆ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి. మీ పరిశీలన అక్కడే మొదలవుతుంది.